రాజుగారు తవ్వించిన గొయ్యి

ఒకానొక రాజ్యంలో, ఏటి ఒడ్డున పెద్ద నగరం ఉండేది. దాన్నేలే విజయకేతుడికి తన వంశమంటే మహా గొప్ప. జనం పొద్దున్నే ఏటికి దణ్ణం పెట్టుకోవడం చూసి ఆయనకు ఒళ్లు మండింది.

“నగరం కట్టింది మా తాతగారైతే దణ్ణాలు ఏటికా? ఏటివైపు గుమ్మాలన్నీ మూసేయండి! రేవుకు వెళ్లినవాళ్లకు కొరడా దెబ్బలే!”

రేవు బోసిపోయింది. పడవ నడిపే నూకాలు ఒక్కతే అక్కడ తన గుడిసెలో మిగిలింది. మొగుడు పోయి పదేళ్లు. నీళ్లకొచ్చే ఆడవాళ్లతో నాలుగు మాటలాడితేనే ఆమెకు ముద్ద దిగేది. ఇప్పుడు అన్నం చల్లారిపోయేదాకా ఆ మూసిన గుమ్మాలకేసి చూస్తూ కూర్చునేది.

తాతగారి పేర కోటలో స్తంభం ఎత్తుతున్నారని చాటింపు వేశారు. నూకాలు బెదురుతూనే చుట్టుదారిన కోటకు వెళ్లింది.

“ప్రభూ, స్తంభం నాటే ఈ చోటే లోతుగా తవ్వించండి. అట్టడుగున తాతగారి గుర్తుంటే నేను గుడిసె వదిలిపోతాను. లేకపోతే గుమ్మాలు తెరిపించండి.”

“పడవదానివి, నాతో పందెమా? తవ్వండిరా!”

ముందు తాతగారి ముద్ర ఉన్న ఇటుకలొచ్చాయి. రాజు మీసం దువ్వాడు.

“అడుగింకా రాలేదు ప్రభూ,” అంది నూకాలు.

ఇటుకల కింద ఒండ్రు. ఒండ్రు కింద పొయ్యి, మాడిన వడ్లు. మళ్లీ ఒండ్రు, మళ్లీ పొయ్యి, వలకు కట్టే మట్టిగుండ్లు.

“ఎవరే వీళ్లు?”

“పేర్లు తెలియవు ప్రభూ. వరదొస్తే లేచిపోయి, అది వదిలిన ఒండ్రులో వడ్లు చల్లుకోడానికి తిరిగొచ్చినవాళ్లు. ఊరంతా అమిరాక తాతగారొచ్చి పైన కూర్చున్నారు.”

ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మొహం కందిపోయింది. “ఇంకా తవ్వండి! అడుగున మా ముత్తాత ఉంటాడు!” అంటూ తానే నిచ్చెన దిగాడు.

మరికాస్త తవ్వాక అక్కడ ఒక చిన్న పొయ్యి, ఒక మనిషికి సరిపడే కుండ ఉన్నాయి. నూకాలు పైనుంచి వంగి చూసింది. ఎవరో తనలాగే ఒంటరిగా వండుకున్నారు.

అంతలో గొయ్యిలో బుడబుడమని నీళ్లూరి రాజుగారి పిక్కలదాకా వచ్చాయి.

“ఏటివైపు గుమ్మాలు మూశారుగా ప్రభూ,” అంది నూకాలు. “పాపం, ఏరు కిందనుంచి రావలసి వచ్చింది.”

రాజు తన తడిసిన పట్టుపంచె చూసుకున్నాడు. ఆపుకోలేక పకపకా నవ్వేశాడు.

“అడుగున ఏముందో నీకెలా తెలుసే?”

“గట్టు విరిగినప్పుడల్లా ఈ పొయ్యిలు బయటపడతాయి. పలకరించే దిక్కులేక వాటినే చూస్తుంటాను.”

రాజు నవ్వు ఆగింది. చేతి కంకణం తీసి ఆమెకిచ్చి, గుమ్మాలు తెరవమన్నాడు.

సాయంత్రం ఒకావిడ బిందెతో రేవులోకి దిగింది. “ఏం నూకాలూ, బాగున్నావా?”

నూకాలు గబగబా ఎదురెళ్లింది. ఆవిడ చేతిలో బిందె లాక్కుని తనే నీళ్లు ముంచింది.