గింజ పడని ఎసరు

అనగనగా కొండ కింద ఒక ఊరు. పెద్ద ఊరేం కాదు తల్లీ, ఒకటే వీధి, రెండు వరసల తాటాకు ఇళ్ళు. ఆ వీధి చివర అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెబుతాను.

ఆ ఊరికో ఆనవాయితీ. తెల్లారగానే తవిటమ్మ అనే ముసలావిడ అరుగు మీద కూర్చుని అందరి ఇళ్ళ కప్పుల వంకా చూసేది. కప్పు మీంచి పొగ లేచిందంటే పొయ్యి వెలిగినట్టు. పొయ్యి వెలిగిందంటే ఆ ఇంట్లో మనుషులు బాగున్నట్టు. పొగ లేవకపోతే మాత్రం వీధంతా ఆ ఇంటికి కదిలేది. ఒకరు అంబలి తెస్తే, ఒకరు పచ్చడి తెచ్చేవారు. మా ఊళ్ళో పస్తున్న మనిషి లేడని గొప్పలు చెప్పుకునేవారు కూడా.

అచ్చియ్యమ్మకి మూడు కష్టాలొచ్చాయి. మొదట మొగుడు పోయాడు. ఆ తర్వాత గాలివానకి చోడి చేను, అదే రాగి చేను, నేలకొరిగింది. మూడోది ఏమిటంటావా? మూడోది ఏమీ జరగలేదు. అదే అన్నిటికన్నా చెడ్డది.

చుట్టాలొచ్చి చేను మళ్ళీ వేసిపెట్టారు. ఆ తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు ఒక పొద్దున్న అచ్చియ్యమ్మ కళ్ళు తెరిచేసరికి ఆమెకి ఏదీ అక్కర్లేదనిపించింది. ఆకలి లేదు, నిద్ర లేదు, కనీసం ఏడుపన్నా రావడం లేదు. చాప మీంచి లేవడమంటే కొండని ఎత్తినట్టుంది.

ఆ రోజు పొయ్యి వెలగలేదు. వీధి వీధంతా వచ్చేసింది. "ఏటయినాదమ్మా? ఏటయినాదే?" అని ఒకటే అడగడం. ఏమైందని చెబుతుంది పాపం? ఏమీ కాలేదే! వాళ్ళు పెట్టిన అంబలి ముందు తల దించుకు కూర్చుంది. మొగుడు పోయిననాడు పెట్టారు, చేను పోయిననాడు పెట్టారు, ఇప్పుడేం పోయిందని వీళ్ళ కూడు తినడం అనుకుంది. సిగ్గుతో చచ్చినంత పనయింది.

ఆ మర్నాటి నుంచి ఆమె ఒక పిచ్చి పని మొదలుపెట్టింది. పొద్దున్నే ఎలాగో దేక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయేది. పచ్చి పుల్లలూ, తడిసిన పిడకలూ పెట్టి ఊదేది. పొయ్యి మీద కుండ పెట్టి నీళ్ళు పోసేది. ఎసరు పెట్టిందన్నమాట. అందులో గింజ వేసేది కాదు. వండాలనీ లేదు, తినాలనీ లేదు. ఎసరు తెర్లి తెర్లి ఇగిరిపోయేది, పొగ మాత్రం కప్పు మీంచి దిట్టంగా లేచేది. ఆమె వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకునేది.

తవిటమ్మ అరుగు మీంచి చూసి, "అచ్చి ఇంట పొగ లేసింది, బాగుంది పిల్ల" అనేది.

పొగని చూసి మనిషిని చూశామనుకున్నారు ఆ ఊరివాళ్ళు. మనం మాత్రం తక్కువ తిన్నామా!

అలా వానాకాలం సగం గడిచింది. అచ్చియ్యమ్మ చేతి గాజులు మోచేతి దాకా జారేవి. మధ్యమధ్య ఎప్పుడో నాలుగు గుక్కల గంజి, లేకపోతే అదీ లేదు.

అప్పుడు మొదట తవిటమ్మే వచ్చింది. వీధిలో నిలబడి, "అచ్చీ, అంబలయినాదా?" అంది.

"అవతంది పెద్దమ్మా" అంది అచ్చియ్యమ్మ లోపల్నుంచి.

"సల్లగుండు తల్లీ" అని ముసలావిడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పక్క ఊరి నుంచి ఆమె అన్న దాలినాయుడు వచ్చాడు. మంచివాడే. చెల్లెలంటే ప్రాణం. వాకిట్లో నిలబడి చెల్లెలి మొహం చూసి, "జొరమేటమ్మా?" అని నుదురు ముట్టుకుని చూశాడు. నుదురు చల్లగానే ఉంది.

"అన్నా, నాకు..." అని మొదలుపెట్టింది అచ్చియ్యమ్మ. ఆ మాట గొంతు దాకా వచ్చింది. తల్లీ, ఆ ఒక్క మాట బయటికి వచ్చేస్తే ఎంత బాగుండేది!

"జొరం నేదు, ఏటీ నేదు. కట్టాలు నీ ఒక్కద్దానికేనేటి? దైర్నంగుండాల" అన్నాడు అన్న. కప్పు వంక చూసి, "వొంటవుతున్నట్టుంది, తిను. సంతకి యేళయిపోతంది" అని గబగబా వెళ్ళిపోయాడు.

ఆమె ఆ మాటని మింగేసింది. ఆ రోజంతా ఆమె కడుపులో పడింది అదొక్కటే.

ఇక అడిగేవాళ్ళెవరూ మిగల్లేదు. ఆమెకీ ఎవరూ రాకపోతేనే బాగుండుననిపించింది. తను లేకపోయినా ఊరికి ఒక పొగ తక్కువవుతుంది, అంతేగా అనుకుంది. మనసు చీకటి పడ్డప్పుడు అలాంటి మాటలే చెబుతుందమ్మా. అవి అబద్ధాలని తెలియడానికి పక్కన ఇంకో మనిషుండాలి.

మూడో మనిషిగా వచ్చింది గవరమ్మ.

గవరమ్మంటే దడి అవతలి ఇల్లు. నోరా, అది తాటిమట్టా? ఎప్పుడో ఆనప తీగ దడి దాటిందని ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. అప్పట్నుంచీ మాటల్లేవు. అచ్చియ్యమ్మ పచ్చి పుల్లల పొగంతా నేరుగా ఆవిడింట్లోకే పోయేది. పొద్దున్న మొదలైతే మధ్యాహ్నం దాకా కళ్ళమ్మట నీళ్ళు. ఆ రోజు దడి మీద ఆరేసుకున్న ఒక్క మంచి చీరా పొగచూరిపోయింది.

ఇంకేం, కొంగు బిగించి దడి దాటి ఇంట్లోకే వచ్చేసింది.

"నీ పొయ్యిలో మన్నెయ్య! పొద్దత్తమానూ ఏటొండతన్నావే? ఊరంతటికీ పెల్లి బోజినాలేటి?" అని అరుస్తూ పొయ్యి దగ్గరికి పోయి, ఆ పెళ్ళి వంట ఏమిటో చూద్దామని కుండ మీద మూత తీసింది.

కుండలో నీళ్ళు. అడుగున కాసిని నీళ్ళు, అంతే.

గవరమ్మ కుండలోకి చూసింది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్న అచ్చియ్యమ్మని చూసింది. మెడ వెనక ఎముకలు చూసింది. మూత చేతిలో పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది.

"ఎన్నాల్లబట్టి?" అంది.

ఆ మాట వినగానే అచ్చియ్యమ్మకి ఇన్నాళ్ళూ రాని ఏడుపు వచ్చింది. గవరమ్మ "ఊరుకో" అనలేదు, "ధైర్యంగా ఉండు" అనలేదు. ఆ దెబ్బలాడిన చెయ్యే ఆమె వీపు మీద వేసి కూర్చుంది. ఆ తర్వాత ఇంటికి పోయి కొంగులో నూకలు తెచ్చి ఎసట్లో పోసింది.

ఆ పూట అచ్చియ్యమ్మ తిన్నది ఒక్క ముద్ద. రెండోది మింగుడు పడలేదు. "నీ మొకం, ఒక్క ముద్దకే అలిసిపోనావేటి" అని తిట్టింది గవరమ్మ. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. తిట్టడానికే వచ్చానని చెప్పింది.

సంగతి తెలిసి ముసలి తవిటమ్మ అరుగు మీద తల కొట్టుకుని ఏడ్చింది. "నా కల్లతో పొగని సూసి సల్లగుండమన్నానే" అని. అన్న వచ్చి చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, ఆ వారం సంతకి పోలేదు.

నాకు ఒక్కటే దిగులు తల్లీ. గవరమ్మ చీర ఇంకో పక్క ఆరేసుకుని ఉంటే? ఆ పొగ ఇటు కాక అటు వీచి ఉంటే? అంత ఊరుండీ ఆమె బతుకు గాలివాటున నిలబడింది. తలుచుకుంటే నాకిప్పటికీ గుండె నీరవుతుంది.

అచ్చియ్యమ్మ మునుపటిలా అయిందా అంటే, అవలేదు. నవ్వింది, చేనుకి పోయింది, గవరమ్మతో మళ్ళీ ఆనప తీగ కోసం దెబ్బలాడింది కూడా. కానీ ఆ ఏమీ లేనితనం అప్పుడప్పుడూ వస్తూనే ఉండేది.

అలాగే ఒక పొద్దున్న మళ్ళీ వచ్చింది. ఆమె దేక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయింది. చెయ్యి అలవాటుగా పచ్చి పుల్లల మీదికే పోయింది. అప్పుడు కాసేపు ఆ పుల్లల్నే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత వాటిని పక్కన పడేసింది. పొయ్యి వెలిగించలేదు.

ఆ రోజు ఆమె ఇంటి కప్పు మీద పొగ లేదు. ఆమె తలుపు బార్లా తీసి, గడపలో కూర్చుని, ఎవరైనా వస్తారని ఎదురుచూసింది. బతుకంతటిలో ఆమె చేసిన కష్టమైన పని అదే.

అప్పుడు దడి అవతల్నుంచి తిట్లు వినిపించాయి, దగ్గరవుతూ.

అదమ్మా కథ. ఇందాక అన్నం కంచం ముందు "ఏం లేదు అమ్మమ్మా, బాగానే ఉన్నాను" అన్నావు చూడు, నేను నమ్మలేదు. చెప్పాలనిపించినప్పుడే చెబుదువుగాని. నేనిక్కడే ఉంటాను.

పొగ పోయె మింటికి,
గింజ పోయె వంటకి,
కథ పోయె కంచికి,
నువ్వూ నేనూ ఇంటికి.