చారుగిన్నెకి దీపం

అనగనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో పైడితల్లి అని ఒకావిడ ఉండేది. వాళ్ళ వంటింట్లో పదిమంది కూర్చునేంత పొడుగు బల్ల వేయించారు. బల్ల బాగానే ఉంది గానీ, దాని మీద సరైన వెలుగు లేదు. అత్తగారు ముత్యాలమ్మకి చూపు మసక. చేప లేనిదే ఆవిడకి ముద్ద దిగేది కాదు. అలాంటిది ముళ్ళు కనబడక చేప మానేసి, అరగటం లేదని అబద్ధం చెప్పి, మజ్జిగన్నంతో లేచిపోయేది. అది చూసి పైడితల్లికి కడుపు తరుక్కుపోయేది.

అందుకని బల్ల మీదికి మంచి దీపం తెమ్మని మొగుడు అప్పలనరసయ్యని పంపింది. ఆ మహానుభావుడు గాజుపూసల గుత్తిదీపం ఒకటి తెచ్చాడు. వీధిలోంచి చూసినవాళ్ళు ఆహా అన్నారు. పైడితల్లి వడ్డించడానికి వంగినప్పుడల్లా అది నెత్తికి తగిలేది. ఎత్తు పెంచి కట్టిస్తే వెలుగంతా పైకప్పుకే.

ఆ తర్వాత ఎర్రగాజు బుడ్లు తెచ్చాడు. వాటి కింద అన్నం ఎరుపు, కూర ఎరుపు, ముల్లూ ఎరుపే. పైడితల్లి పళ్ళు నూరుకుంది.

ముచ్చటగా మూడోసారి, నల్లరేకు గంటలాంటిది తెచ్చాడు. గుమ్మంలో నిలబడి చూసుకుని మురిసిపోయాడు. దాని వెలుగు నడిమధ్య ఉన్న చారుగిన్నె మీద తప్ప ఒక్క కంచం మీదా పడలేదు. చారుగిన్నెకేమైనా చూపు మసకా, చెప్పు బుజ్జీ?

అప్పుడు పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది. మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అత్తగారి చోట కూర్చోబెట్టింది. ఒళ్ళంతా ముళ్ళుండే చేప వండి వడ్డించింది.

"ఇన్నాళ్ళూ నిలబడి చూసినావు. ఇప్పుడు కూకుని తిను" అంది.

రెండో ముద్దకే గొంతులో ముల్లు గుచ్చుకుంది. ఉత్త అన్నం ముద్దలు మింగి మింగి అది దిగేసరికి అప్పలనరసయ్యకి కళ్ళనీళ్ళొచ్చాయి. అమ్మ చేప ఎందుకు మానేసిందో అప్పుడు తెలిసింది. సిగ్గుపడ్డాడు.

మర్నాడు కారియర్లో చేపలకూర, అన్నం కట్టించుకుని దీపాల కొట్టుకెళ్ళాడు. ఒక్కో దీపం కిందా కుర్చీ వేయించుకుని తిన్నాడు. కొట్టువాడు నోరెళ్ళబెట్టాడు. మూడో దీపం కింద ముల్లు తెల్లగా కనబడింది. అదొక బారెడు తెల్లరేకు దీపం. దాన్నే తెచ్చి బల్ల మీద కట్టిస్తే, వీధిలో ఎవరూ మెచ్చుకోలేదు.

ఆ సాయంత్రం పైడితల్లి అత్తగారికి ఒకే ఒక్క ముక్క వేసి, ఊపిరి బిగబట్టి చూసింది. ముత్యాలమ్మ ముల్లు తనే తీసి, కంచం అంచున పెట్టింది. ఆ తర్వాత తలెత్తి, "ఇంకో ముక్క ఎయ్యే" అంది.

కథేమో కంచికి, ముల్లేమో కంచం అంచుకి, మనమేమో మంచానికి.