మధ్య కుర్చీ

మేడపాలెం ప్రెసిడెంటు వరహాలరాజు గారు లేని ఫోటో ఆ ఊళ్లో ఉండేది కాదు. ఎవరి బిడ్డ బారసాలైనా మధ్య కుర్చీ ఆయనదే.

ఇంతలో సోడాబండి నూకాలు సరదాపడి కెమెరా డ్రోను కొనుక్కుంది. సాయంత్రమైతే దాంతో ఊళ్లోవాళ్లందరికీ దాగుడుమూతలే. డ్రోను పైనుంచి ఫోటో తీసిందంటే దాక్కున్నవాళ్లు దొరికినట్టు. తాను లేని ఫోటోలు ఇన్ని పుట్టడం రాజుగారికి గిట్టలేదు.

"పొద్దుగూకేలోగా నన్ను పట్టుకో. పట్టుకుంటే రోజూ ఎగరేసుకో. లేదంటే ఆ డ్రోను నాది" అని పందెం కట్టి, వెళ్లి దాక్కున్నారు.

"ఏ ఇంట్లోనో దూరుంటాడు. కప్పు కిందున్న మనిషి నీ డ్రోనుకెలా కనపడతాడే?" అంది పక్కింటి సన్యాసమ్మ.

"నేనెందుకు వెతకడం?" అని నూకాలు బడి మైదానంలో డ్రోను లేపి, మైకులో కేకేసింది. "ఊరందరికీ కలిపి పైనుంచి ఫోటో! రేపు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ! పాత ప్రెసిడెంటు గారూ, మధ్య కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండి బాబూ!"

పాత ప్రెసిడెంటు ఇంకా కూర్చోనేలేదు, రైసుమిల్లులోంచి రాజుగారు ఒళ్లంతా ఊకతో పరిగెత్తుకొచ్చి కుర్చీలో కూలబడ్డారు. కండువా సర్దుకుని, పైకి చూసి నవ్వారు.

"దొరికిపోయారు బాబూ!" అంది నూకాలు.

"ఇది మోసం! ఈ ఆట చెల్లదు!"

"అయితే ఫోటో చెరిపేస్తాను. పాత ప్రెసిడెంటు గారిని కూర్చోబెట్టి మళ్లీ తీస్తాను. లేవండి."

రాజుగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"రోజూ ఎగరేసుకోవే" అన్నారు. "ఫ్లెక్సీలో మాత్రం ఈ ఊక కనపడనీకు."