బండ ఇచ్చే బొట్లు

అనగనగా, మా అమ్మమ్మ మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పే అడవి ఒకటుంది. ఒక ఏడాది ఎండలకు ఆ అడవిలో వాగులన్నీ ఎండిపోయాయి. ఒక్క నల్లబండ పగులులోంచి మాత్రం నీళ్ళు బొట్టు బొట్టుగా కారేవి. తెల్లారేసరికి కిందనున్న రాతి గుంట నిండేది.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. ముందు పాలిచ్చే తల్లులు తాగాలి. తరువాత ముసలివాళ్ళు. ఆఖరున బలమున్నవాళ్ళు. ఆ వారమే ఈనిన దుప్పిది మొదటి వంతు. ఎలుగుబంటిది ఆఖరి వంతు. అతనికి రెండు గుక్కలే మిగిలేవి.

"ఇదేం కారడం తాతా? పుట్ట తవ్వితే చెదలు దొరుకుతాయి. తొర్ర చీలిస్తే తేనె దొరుకుతుంది. ఈ పగులునూ కాస్త వెడల్పు చేస్తే ధారే పడుతుంది" అన్నాడు ఎలుగు, ముళ్ళపంది తాతతో.

"ఇది తేనెపట్టు కాదు నాయనా. భగవంతుడు దాని కడుపులో ఎంత పెట్టాడో అంతే. దాని జోలికి పోకు."

"నీకేం, నాకంటే ముందే తాగుతావు. ఎన్నయినా చెబుతావు."

మొదటిరోజు ఎలుగు పగులులోని నాచు పీకేశాడు. బొట్లు జోరందుకున్నాయి. రెండోరోజు ఒక రాతిపెచ్చు ఊడదీశాడు. దారంలా సన్నటి ధార పడింది. అందరూ కడుపునిండా తాగారు. "చల్లగా ఉండు మామా" అంది దుప్పి కూడా. ఎలుగు ఛాతీ ఉప్పొంగింది.

మూడోరోజు రెండు చేతులూ పెట్టి పెద్ద రాయే పెరికేశాడు. నీళ్ళు భళ్ళున దూకి, గుంట దాటి ఇసుకలో పడి ఇంకిపోయాయి. ఆపైన ఒక్క బొట్టూ రాలేదు.

మర్నాడు దుప్పి వచ్చి పొడి గుంట నాకింది. పక్కన పిల్ల కాళ్ళు వణుకుతున్నాయి.

"నా దాహం నేను ఓర్చుకుంటాను మామా. నీళ్ళు లేకపోతే నాకు పాలు పడవు. రేపటికి వీడు లేవలేడు."

ఎలుగు తల దించుకున్నాడు. చెదలు విడిచిన పుట్ట ఒకటి వెతికి మన్ను తెచ్చాడు. ఇసుక అడుగున మిగిలిన తడితో దాన్ని పిసికాడు. రాయిని మళ్ళీ పగులులో పెట్టి, చుట్టూ మన్ను మెత్తి, అది బిగిసేదాకా వీపు ఆనించి నిలబడ్డాడు.

"తవ్వడమే వచ్చనుకున్నాను, పూడ్చడమూ వచ్చునే నీకు" అన్నాడు ముళ్ళపంది తాత. తన ముల్లొకటి పీకి, మన్నులో గుచ్చి, మెల్లగా లాగాడు. సన్నటి బెజ్జం మిగిలింది. "లోపల ఊట మళ్ళీ చేరితే ఇందులోంచే కారుతుంది" అన్నాడు.

తెల్లవారుతుండగా ఆ బెజ్జంలో ఒక బొట్టు ఊరింది. లావై, వేలాడి, గుంటలో పడింది. వెనక ఇంకొకటి. ఎలుగు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అయినా పక్కకు జరిగాడు.

"రా తల్లీ, వంతు నీది" అన్నాడు.

నీతి: పదిమందిని బతికించేది కొంచెం కొంచెంగా వస్తుంటే, దాన్ని ఓపికగా పంచుకోవాలి, ఆత్రపడి తవ్వుకుంటే అందరికీ ఎండిపోతుంది.