రెండో చీటీ

ఇరవై ఏళ్లు గడ్డిజాతుల మీద పనిచేసినా బయట ఒక్కరికీ తన పేరు తెలియదని కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే డాక్టర్ తిరుపాలుకు దిగులు. అందుకే టీవీ వాళ్లు పిలవగానే ఎగిరి గంతేసినాడు. తెర మీద ఆయన పేరు కింద 'ప్రముఖ మూలికా నిపుణుడు' అని వేసినారు. యాంకరమ్మ ఒక ఆకు ఫొటో చూపించి, చక్కెర జబ్బుకు వాడే పొడపత్రి ఇదేనా అని అడిగింది. అదేనన్నాడు. గడ్డి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

నాలుగో రోజు లింగమ్మ అనే ఆమె ఆయన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చింది. చేతిలో ఆకుతీగలు నింపిన సంచి.

"టీవీలో మీరు చెప్పిన ఆకేనయ్యా. మా ఆయనకు రసం తీసి పోసినా. రెండు దినాలుగా వాంతులు ఆగడం లేదు. ఏమాకు తాగించినావని ఆస్పత్రిలో డాక్టరు అడుగుతున్నాడు. మా ఊర్లో ఇంకా నలుగురు తాగుతున్నారు."

తిరుపాలు ఆమెను తన గురువు వహీద్ సార్ దగ్గరికి తీసుకుపోయినాడు.

వహీద్ సార్‌ది తీగజాతుల చదువు. రిటైరైనా కాలేజీలో ఎండు మొక్కలు దాచే గదిలోనే ఉంటాడు. ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. మొక్కను అట్టకు అంటించినాక, పేరు చెప్పినవాడు దాన్ని చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. తప్పని తేలితే ఆ చీటీ పీకకూడదు, దాని కింద రెండో చీటీ అంటించాలి. సార్ తప్పులూ సంతకాలతో సహా అక్కడే ఉన్నాయి.

సార్ సంచిలోంచి ఒక కొమ్మ తీసి అట్ట మీద పరిచినాడు. చీటీ, పెన్నూ శిష్యుడి ముందుకు జరిపినాడు.

"రాయి నాయనా."

తిరుపాలు ఆకును తిప్పి తిప్పి చూసినాడు. "పువ్వు లేకుండా ఎట్లా చెప్పేది సార్?"

ఆ మాట అన్నాక ఇంక తలెత్తలేకపోయినాడు.

సార్ సంచి బోర్లించి, రాలిన చెత్తలో వెతికి, ఎండిన పువ్వొకటి భూతద్దం కింద చాలాసేపు చూసినాడు. 'కుక్కపాల' అని రాసి సంతకం పెట్టినాడు. అది వాంతులు చేయించే తీగని ఆస్పత్రి డాక్టరుకు ఫోన్‌లో చెప్పి, చీటీ లింగమ్మకిచ్చి పంపించినాడు.

"వాళ్లే నన్ను నిపుణుడన్నారు సార్," అన్నాడు తిరుపాలు.

"నువ్వు కాదన్నావా?"

తిరుపాలు అక్కడినుంచే టీవీ వాళ్లకు ఫోన్ చేసి, తప్పు చెప్పినాను, దిద్దండి అన్నాడు.

"ఆ ప్రోగ్రాం అయిపోయింది కదండీ. వచ్చే వారం తుఫాన్ల మీద ఉంది, రాగలరా? మీరు బాగా మాట్లాడతారు."

ఫోన్ పెట్టేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "అక్కడ రెండో చీటీకి చోటు లేదు సార్."

సార్ సొరుగులోంచి ఖాళీ చీటీల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టినాడు.

"వాళ్లు అంటించకపోతే నువ్వు అంటించు. ఆమె ఊరికి బస్సు రెండు గంటలకు."

బస్సెక్కి, అది కదిలేలోగా తిరుపాలు మొదటి చీటీ రాసినాడు. టీవీలో తాను పొడపత్రి అన్న ఆకు పొడపత్రి కాదని, ఎవరూ తాగొద్దని రాసి, సంతకం పెట్టినాడు. తన పేరు కింద 'గడ్డిజాతులు మాత్రమే తెలిసినవాడు' అని చేర్చినాడు.