చలికాలంలో విసనకర్రలు

ఎక్కడని అడక్కండి గానీ, ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. తాను ఆజ్ఞాపిస్తే సూర్యుడైనా సర్దుకుంటాడని ఆయన నమ్మకం.

ఒక పుష్యమాసంలో ఆయన అంగళ్ల వీధిలో ఊరేగుతూ మాచమ్మ కొట్టు ముందు ఆగాడు. మాచమ్మ ఎండాకాలమంతా తాటాకు విసనకర్రలు అమ్మేది. చలికాలంలో అవెవరికి కావాలి? అందుకని కోతల రోజుల్లో బుట్టలు అల్లి అమ్ముకుని కడుపు నింపుకునేది.

"విసనకర్రల కొట్టులో బుట్టలా!" రాజు మండిపడ్డాడు. "ఏ కొట్టుకి ఏ పేరో ఆ సరుకే అమ్మాలి, ఏడాది పొడుగునా అమ్మాలి. అమ్మకం లేకపోతే కొట్టు ఖాళీ చేయాలి!"

మాచమ్మ ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు కోనప్ప దగ్గరికి పరుగెత్తింది. "ఈ చలిలో విసనకర్ర ఎవుడు కొంటాడు బాబూ? కొట్టు పోతే నేనెట్టా బతికేది?"

కోనప్పకి ఒళ్లు మండింది. "కొనే మహానుభావులున్నారు లేమ్మా. విసనకర్రలన్నీ బయటపెట్టు" అన్నాడు.

ఆ పూటే సభలోని పెద్దలందరి చెవినా ఒక మాట వేశాడు. "రేపు సభలో చేతిలో విసనకర్ర లేనివాడికి రాజాజ్ఞ అంటే లెక్కలేనట్టే. ఊరికే పట్టుకుంటే చాలదు, విసరాలి!"

సాయంత్రానికి మాచమ్మ కొట్టులో ఒక్క విసనకర్ర మిగల్లేదు.

మర్నాడు పొగమంచులో రాజు శాలువా కప్పుకుని సభకి వచ్చాడు. ఆయన కూర్చోగానే సభంతా ఆయన వైపు విసరడం మొదలుపెట్టింది. మంత్రిగారైతే రెండు చేతులా విసిరాడు. రాజు పళ్లు టకటకమన్నాయి.

"ఏమిటీ గోల?"

"తమ ఆజ్ఞే ప్రభూ" అన్నాడు కోనప్ప వినయంగా. "విసనకర్రలు ఏడాది పొడుగునా అమ్ముడుపోవాలన్నారు. అంటే మనకిక ఏడాదంతా ఎండాకాలమే కదా!"

"ఆపండయ్యా, చలి!"

"చలా? తమరు అంత గట్టిగా చెప్పాక కూడా వచ్చిందా? పట్టి ఖైదులో వేయించండి ప్రభూ!"

రాజు గట్టిగా తుమ్మాడు. ఆ తర్వాత పగలబడి నవ్వాడు.

"నా ఆజ్ఞ రద్దు! మాచమ్మ ఏ కాలానికి ఏది కావాలో అదే అమ్ముకోనీ. మన ధాన్యపు కొట్లకి బుట్టలు కూడా ఆమె దగ్గరే కొనండి."

"మరి ఈ విసనకర్రలేం చేసుకోవాలి?" మంత్రి గొణిగాడు.

"ఎండలు వచ్చేదాకా దాచుకోండి. మాచమ్మ ఆ పని చేస్తేనే కదా నిన్న కొట్టు లాక్కోబోయారు!" అన్నాడు కోనప్ప.

రాజు మళ్లీ నవ్వి, కోనప్పకి కప్పుదామని తన శాలువా తీయబోయాడు. అంతలో చలి గాలి తగిలింది. ఒక్క క్షణం ఆలోచించి, మంత్రి శాలువా తీయించి కప్పాడు.