రాజుగారి పద్యం, పోలమ్మ రోకలి

ఒకానొక రాజ్యంలో వానలు కురిసినా కురవకపోయినా పద్యాలు మాత్రం కురిసేవి. ఏలిక విజయకేతుడికి తాను మహాకవినని గట్టి నమ్మకం. కాదనే ధైర్యం ఎవరికుంది? ఆయన నోరు తెరిస్తే చాలు, సభంతా "ఆహా!" అనేది. విదూషకుడు కొండుభట్టు అందరికంటే గట్టిగా అనేవాడు. ఆ ఆహాలతోనే అతని ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఈసారి రాజుగారు ఇల్లాలి కష్టం మీద పద్యాలు కట్టారు. అందులో వడ్లు దంచే ఆడదాని చేతిలో రోకలి పూలచెండు. చెమట చుక్కలు ముత్యాలు. ఆమెకు అలుపన్నది లేదు, పెదవి మీద నవ్వు చెరగదు. ఒక్కనాడైనా రోకలి ముట్టిన మనిషి రాసే రాతలేనా అవి!

పద్యాలు వినిపించే రోజున, కోటలో వడ్లు దంచే పోలమ్మనూ ఆమె వదిన గంగినీ రోలుతో సహా సభకు తెప్పించారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో పోటు వేస్తారు. ఒకరి రోకలి లేస్తుంటే రెండోవారిది దిగాలి. అది తప్పకుండా ఉండేందుకే పాట. పోలమ్మ అలవాటుగా ఎత్తుకుంది.

"బియ్యమేమో కోటకు, తవుడేమో గొడ్లకు,
ఊకేమో పొయ్యికి, ఊపిరేమో రోటికి..."

"ఆపండి ఆ ఏడుపు!" అని రాజుగారు కసిరారు. "నేను పద్యం చదువుతాను. దానికి తగ్గట్టు దంచండి. నవ్వుతూ దంచండి."

రాజుగారి పద్యం ఒకచోట సాగుతుంది, ఒకచోట పరుగెడుతుంది, "ఆహా" కోసం ఆగుతుంది. దానికి తగ్గట్టు దంచడం ఎవరి తరం? మొదటి ఆహా దగ్గరే రెండు రోకళ్ళూ ఒక్కసారిగా దిగాయి. వాటి మధ్య పోలమ్మ కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. ఆమె కేకకు పద్యం ఆగింది.

"నా కవిత్వాన్ని చెడగొట్టాలనే చేసింది. పొద్దుగూకేలోగా దీన్ని పొలిమేర దాటించండి!" అన్నారు రాజుగారు.

గంగి ఆయన కాళ్ళ మీద పడింది. "చంటిబిడ్డ తల్లి, దొరా! ఆ చేత్తో ఎక్కడికి పోతుంది?"

కొండుభట్టు తల్లి కూడా ఊళ్ళో ఇళ్ళకు వడ్లు దంచి అతన్ని పెంచింది. ఈ రాజుగారి దగ్గర కన్నీళ్ళు పనిచేయవు, పొగడ్తే పనిచేస్తుంది.

"వెళ్ళగొట్టాల్సిందే ప్రభూ!" అంటూ ముందుకొచ్చాడు. "కానీ ఒక్క చిక్కు. పొరుగు రాజ్యపు కవులు కూర్చున్నారు. పద్యమే వేళ్ళు విరగ్గొట్టిందని చెప్పుకోరూ? తమరే పద్యం చదువుతూ ఒక వాయ వడ్లు దంచి చూపిస్తే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి. ఆడదాని చేతికే పూలచెండైన రోకలి, కత్తి తిప్పే చేతికి ఒక లెక్కా!"

తన పద్యాన్ని తానే కాదనలేక రాజుగారు లేచారు. రెండో రోకలి కొండుభట్టు పట్టాడు. రాజుగారి వేలు చితికిందంటే తన తల ఉండదని అతనికి తెలుసు.

మొదటి పాదం బాగానే వచ్చింది. రెండో పాదానికి ముత్యాలు రాజుగారి కళ్ళలోకి కారి మండాయి. మూడో పాదంలో మాటలు పోయి "హుఁ... హుఁ..." మిగిలింది. "ఆహా!" అంది సభ, అదీ పద్యమే అనుకుని. రాజుగారు ఆగబోయారు, అలవాటు కదా! కొండుభట్టు రోకలి మాత్రం దిగుతూనే ఉంది.

"బియ్యమేమో కోటకు!"

నలిగిన చేతిని గుండెకు అదుముకుని పోలమ్మ గట్టిగా పాట ఎత్తుకుంది. "తవుడేమో గొడ్లకు..." రాజుగారి రోకలి తనంతట తానే పైకి లేచింది. కొండుభట్టుది ఆయన వేళ్ళకు తగలకుండా రోట్లోకి దిగింది.

రాజుగారు రోకలి వదిలేసి తన పది వేళ్ళూ చూసుకున్నారు. తర్వాత పగలబడి నవ్వారు. "ఓరి కొండుభట్టూ! నా పద్యం చేతే నన్ను రోటి దగ్గర నిలబెట్టావురా!" పోలమ్మ శిక్ష రద్దయింది, పాట మీద ఆంక్ష పోయింది. కొండుభట్టుకు పట్టుశాలువా దక్కింది. సభంతా నవ్వింది.

కొండుభట్టు నవ్వలేకపోయాడు. శాలువా పట్టుకుని దంపుళ్ళ సాలకు వెళ్ళి పోలమ్మ ముందు పెట్టాడు.

"ఇదేం చేసుకోను, అయ్యగారూ?" అందామె. చేతికి కట్టిన గుడ్డ తడిసిపోయి ఉంది. "రాజుగారూ తమరూ కలిసి వాయ సగంలో వదిలేశారు. కోటలో వంటకి బియ్యం కావాలి. నాకు చెయ్యి లేదు. గంగి ఒక్కతే ఎంతని దంచుతుంది?"

కొండుభట్టు శాలువా పక్కన పడేసి, గంగికి ఎదురుగా నిలబడి రోకలి ఎత్తాడు. పోలమ్మ గోడకు ఆనుకుని, బిడ్డను ఒళ్ళో వేసుకుని, పాట మొదలుపెట్టింది. అతని అరచేతులు బొబ్బలెక్కాయి.

సభలోంచి ఆహాలు వినిపిస్తున్నాయి. రాజుగారు కొత్త పద్యం ఎత్తుకున్నారు, చెయ్యి నలిగినా పాట మానని ఇల్లాలి మీద.